ఇల్లు ఖాళీ, హాలు పెద్దది

గురువారం పొద్దున పిడుగు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిలోపు నలభై పోస్టర్లు గోడలకు అంటించాలి, చేతులు కడుక్కోవాలి, కాలేజీకెళ్ళి ఎడిటింగ్ గదిలో తలుపేసుకోవాలి. పిడుగన్నది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరుతో పిలిస్తే పలికేది కూడా కాదు. సినిమా కోర్సు ఆఖరి ఏడాదిలో ఆమె తీసిన సినిమా నిడివి ఇరవై రెండు నిమిషాలు. అద్దె ఇంటి కోసం తిరిగి తిరిగి, ఓనర్ల ప్రశ్నలకు జవాబులు చెప్పలేక చతికిలబడ్డ ఓ కుటుంబం కథ. పేరు ‘ఇల్లు ఖాళీ’.

లెక్చరరు షరతు ఒక్కటే. శనివారం ప్రదర్శనకు బయటివాళ్ళు యాభైమంది రావాలి. ఒక్కరు తగ్గినా సినిమా బీరువాలోకి, పిడుగు మళ్ళీ అదే క్లాసులోకి. పోస్టరు చూసి ఆయన, సినిమా అన్న మాట ఎక్కడమ్మా అనడిగాడు. తాము అద్దెకుండే ఇంటి గేటు ఫొటో, పైన బండ అక్షరాల్లో ‘ఇల్లు ఖాళీ’, కింద ‘శనివారం ఉదయం పదింటికి చూడవచ్చు’, వివరాలకు అమ్మ ఫోన్ నంబరు. అంతే ఉంది. పోస్టరు చూసి సినిమా అని పోల్చుకోలేనివాడికి సినిమా మాత్రం ఏం అర్థమవుతుందని ఆమె వాదన. ఆయన నెత్తీనోరూ కొట్టుకున్నా ఒక్క ముక్క కూడా కలపనంది.

పదిన్నరకు మొదటి ఫోన్ వచ్చింది.

“ఇల్లు ఖాళీయేనా అండీ?”

“అవునండీ, ఇల్లు ఖాళీయే,” అంది అమ్మ, కూతురి సినిమా పేరు పరాయివాళ్ళ నోట విని మురిసిపోతూ.

“హాలు పెద్దదేనా?”

“రెండొందలమంది హాయిగా కూర్చోవచ్చు.”

అవతలివాడు గొంతు తగ్గించి, ఎంత అనడిగాడు.

“అయ్యో, పైసా వద్దండీ. శనివారం తిన్నగా కాలేజీకొచ్చేయండి, అక్కడ చూపిస్తారు.”

రెండొందలమంది పట్టే హాలున్న ఇల్లు ఊరికే ఇస్తున్నారట అన్న కబురు ఎంతసేపు ఆగుతుంది? సాయంత్రానికి అమ్మ గొంతు బొంగురుపోయింది. శుక్రవారం పొద్దునకల్లా ఫొటోలోని గేటును ఆనవాలు పట్టినవాళ్ళు నేరుగా ఇంటికే వచ్చేశారు. ఓ జంట తాడు తెచ్చి, మంచం పడుతుందో లేదోనని పడగ్గది కొలిచింది. ఇంకొకాయన ఇంకాస్త ముందుకెళ్ళి మేడెక్కాడు. పైన ఉండే ముసలావిడ ఎప్పుడు ఖాళీ చేస్తుందని అక్కడ నిలబడ్డావిడనే అడిగాడు. ఆవిడే ఓనరమ్మ.

ఓనరమ్మ మెట్లు దిగిన చప్పుడుకు తాడు జంట పరారైంది. నా ఇల్లు నాకు తెలియకుండా దానం చేయడానికి మీరెవరని ఆవిడ వీరంగం వేసింది. చీకటి పడేలోపు పోస్టర్లన్నీ చింపకపోతే సామాను సర్దుకోమంది. అప్పటికి గానీ అమ్మకు సంగతి బోధపడలేదు.

“కొంప ముంచావు కదే,” అంది అమ్మ కూలబడి.

“ఊరికే ఇస్తామని చెప్పింది నేనా? నేను సినిమా పేరు రాశాను, రోజు రాశాను. అందులో అబద్ధం ఏముంది? ఒక్కటి కూడా చింపను,” అంది పిడుగు. తర్వాత ఓనరమ్మ వైపు తిరిగింది. “సినిమా అయ్యాక కూడా పొమ్మంటే, నేనే సర్దుతానండీ.”

పైకి అలా అంది గానీ, ఆ రాత్రి అటకమీది పెట్టెలు దింపి దుమ్ము దులిపింది.

శనివారం పదింటికి కాలేజీ హాల్లో అమ్మ కాక నలభైతొమ్మిదిమంది కూర్చున్నారు. కొందరి చేతుల్లో గదులు కొలిచే టేపులు కూడా ఉన్నాయి. పిడుగు ముందుకెళ్ళి నిలబడింది.

“ఇక్కడ ఇల్లేమీ లేదు. ఇల్లు దొరకనివాళ్ళ కథ ఉంది. వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళొచ్చు.”

హాలంతా గొణుగుడు మొదలైంది. ముందు వరుసలో పెద్దాయన, ఇల్లు ఎలాగూ దొరకదు, ఫ్యానైనా తిరుగుతోంది కదా అని కాళ్ళు చాపాడు. లేవబోయినవాళ్ళు కూడా కూర్చున్నారు. లెక్చరరు రెండుసార్లు లెక్కపెట్టి, ఒకరు తక్కువని పెన్నుకు మూత పెట్టబోయాడు. సరిగ్గా అప్పుడే ఓనరమ్మ తలుపు తోసుకుంటూ వచ్చింది.

“చూడడానికొచ్చారా అమ్మా?” అనడిగాడాయన.

“ఈ పిల్ల సంగతి చూడడానికే వచ్చాను.”

చూడడానికే అంది కదా, అది చాలు. ఆయన యాభై అని రాసుకుని దీపాలార్పించాడు. ఓనరమ్మ చీకట్లో తడుముకుంటూ దొరికిన కుర్చీలో కూలబడింది.

తెరమీద ఓనరు అడగడం మొదలుపెట్టాడు. చుట్టాలొస్తారా? వస్తే ఎన్ని బకెట్లు పోసుకుంటారు? మేకులు కొడతారా? తలుపు మెల్లగా వేస్తారా? అద్దెకు దిగిన రోజున ఓనరమ్మ తమను అడిగిన ప్రశ్నల్ని పిడుగు పొల్లుపోకుండా దించింది. హాలు పగలబడి నవ్వింది. ఇల్లు దొరకని ఆ ఇల్లాలు రోడ్డుపక్కన పెట్టెమీద కూర్చుని, జవాబులన్నీ తనలో తాను వల్లెవేసుకునే చోట నవ్వు ఆగిపోయింది. ఎవరో ముక్కు చీదుకున్నారు. దీపాలు వెలిగాక చప్పట్లు చాలాసేపు మోగాయి. అమ్మ కళ్ళొత్తుకుంది. పిడుగు మాత్రం ఓనరమ్మనే చూస్తోంది.

పక్క కుర్చీలో ఆవిడ ఓనరమ్మ చెయ్యి తట్టి, “ఇలాంటి ఓనర్లు నిజంగా ఉంటారంటారా అండీ?” అనడిగింది.

ఓనరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

“ఛ ఛ, ఎక్కడుంటారమ్మా,” అంది. “అంతా కల్పన.”