ఎర్రగుడ్డ మూటలో ఐదేళ్లు

బీరువా తలుపు తెరిచిన సూపరింటెండెంట్ ఉమాకాంత్‌కు లోపల ఐదేళ్లు కనిపించలేదు.

1990 నుంచి 1994 వరకు, ఏడాదికొకటి చొప్పున ఐదు హాజరు రిజిస్టర్లు ఎర్రగుడ్డలో మూటకట్టి రెండో అరలో ఉండాలి. ఇప్పుడా అరలో దుమ్ము పట్టని చదరం ఒకటే మిగిలింది.

ఆ ఆఫీసు పేరు పౌర విలువల వికాస మండలి. అశోక్ నగర్‌లో ఓ మేడమీద మూడు గదులు. 'సత్యమే పలుకుము', 'సమయపాలనే సంస్కారం' అని పోస్టర్లు అచ్చువేసి బళ్లకూ బస్టాండ్లకూ పంపడం దాని పని. పదిన్నరకు తెరవాల్సిన ఆ ఆఫీసుకు సిబ్బంది పదకొండుంబావుకు వస్తారు. ఆ రోజు మాత్రం పది గంటలకే దిగిపోయారు. మధ్యాహ్నం మూడింటికి సచివాలయం నుంచి డిప్యూటీ సెక్రటరీ బాలత్రిపురసుందరి తనిఖీకి వస్తోంది మరి.

తనిఖీ మాసయ్య కోసం. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, ముషీరాబాద్ బస్తీలో కిరాయికుంటూ, ఐదేళ్లుగా ఈ ఆఫీసు తాళం తీసి, ఊడ్చి, నీళ్లు పట్టి, పోస్టర్ల కట్టలు మోస్తున్న రోజుకూలీ అతను. ఐదేళ్లు నిండినవాళ్లను పర్మనెంటు చేయమని ఉత్తర్వు వచ్చింది. అతను పనిచేశాడనడానికి ఒకే ఒక సాక్ష్యం ఉంది. ఆ రిజిస్టర్లలో రోజూ చివరి వరుసలో అతను పెట్టిన వంకర సంతకం.

"మాసయ్యా! ఇటు రా!" ఉమాకాంత్ కేకకు గోడమీది 'శాంతమే భూషణము' పోస్టరు ఊగింది. "మూట ఏడ వెట్టినవ్‌రా?"

"నాకేమెరుక సార్? బీరువ తాళాలు మీతాన, కమలమ్మతాన ఉంటయి. నాతాన వాకిలి తాళమొక్కటే."

"సబ్బుమీద తాళంచెవి అచ్చు దీసి ఉంటవ్!"

టైపిస్టు ఏడుకొండలు మిషను మీంచి తలెత్తాడు. "ఆయన ఉద్యోగానికి ఆధారమే ఆ రిజిస్టర్లండి. ఆయనెందుకు తీస్తాడండీ?"

"అదే వాని తెలివి! అనుమానం రాదని తీసిండు. సంచి సూడుండ్రి!"

మాసయ్య సంచి బల్లమీద బోర్లించారు. రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, పసుపు బొట్లు పెట్టిన కొబ్బరికాయ బయటపడ్డాయి. పర్మనెంటు అయ్యాక కొట్టాలని భార్య మాసమ్మ కట్టి ఇచ్చిన కొబ్బరికాయ అది. రిజిస్టర్లు అందులో దాచాడేమోనని ఉమాకాంత్ దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూశాడు.

"రెండో తాళంచెవి కమల గారి దగ్గరుందిగా. ఆవిడ ఇంకా రాలేదండి," అన్నాడు ఏడుకొండలు.

దానికి మొత్తం ఆఫీసు నవ్వింది. కమల ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. చిక్కడపల్లి మనిషి. పందొమ్మిదేళ్లుగా రోజూ పదింబావుకు వచ్చి, పదకొండుంబావు దాకా ఖాళీ కుర్చీల మధ్య ఒంటరిగా పనిచేస్తుంది. ఇంట్లో చీర చిరిగితే ఆఫీసు గుండుసూది పెట్టుకోవడానికి కూడా ఒప్పుకోని మనిషి. ఆమెను అనుమానించడం కంటే గాంధీ పటాన్ని అనుమానించడం తేలిక. ఒంట్లో బాగాలేక రాలేదనుకుని అందరూ పాపం అనుకున్నారు.

ఉమాకాంత్ లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుని కిషన్ రావుకు ఫోన్ చేశాడు. కిషన్ రావు ఆ ప్రాంతపు నాయకుడు. మండలి ప్రతి సభలోనూ విలువల గురించి గంటసేపు మాట్లాడతాడు. ఆయనకు నగేష్ అని ఉద్యోగం లేని బామ్మర్ది ఉన్నాడు. మాసయ్య వరుసలో నగేష్ పేరు ఉండేటట్టు చూడాలన్నది వారం క్రితం కుదిరిన మాట.

"పరేషాన్ అయితున్నదన్నా, మొత్తం మూటనే మాయమైంది. పోలీసులకు చెప్పాల్నా?"

అటునుంచి నవ్వు వినిపించింది. "ఏందయ్యా ఉమాకాంత్, దేవుడు దారి జూపెడితే పోలీసులను పిలుస్తవా? పాతయి పోతే కొత్తయి రాయి. కొత్త దాంట్ల మావోని పేరు రాసుడు ఇంక అల్కగైతది. మళ్ల జెప్తున్న, నీతి నిజాయితీగ చెయ్యి. ఎక్కడ గలతీ రావద్దు."

పదకొండింటికి ఉమాకాంత్ నవ్వుతూ బయటికి వచ్చాడు. "దొంగతనమైందని మేడంకి తెలిస్తే అందరం పోతం. ఐదుగురమున్నం. మనిషికొక సంవత్సరం రాద్దాం. మాసయ్యా, నారాయణగూడ పోయి ఐదు పెద్ద రిజిస్టర్లు తేపో."

తన ఐదేళ్లు తిరిగి రాస్తున్నారనుకుని మాసయ్య పరుగున వెళ్లి తెచ్చాడు.

మూడు గదుల్లోనూ పెన్నులు కదిలాయి. ఆ ఆఫీసులో అంత శ్రద్ధగా పనిచేసిన దాఖలా అంతకుముందు లేదు. ఎవరూ కాఫీకి లేవలేదు, సిగరెట్టుకు దిగలేదు. ఎవరి సంతకాలు వాళ్లు పెట్టుకున్నారు. పక్కవాళ్ల సంతకాలూ పెట్టారు. లేటు మార్కులన్నీ ఒక్కపూటలో మాఫీ అయిపోయాయి. రానివాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లు వేళకు వచ్చారు. బల్లమీదున్న ఈ ఏటి రిజిస్టరులో, ఆమె ఆబ్సెంటైన ఈ రోజు గడిలో కూడా కమల సంతకం పడిపోయింది. పది గంటల ముప్పై నిమిషాలకు.

పన్నెండున్నరకు ఏడుకొండలుకు ఇంకో భయం పట్టుకుంది. "తొంభయ్యో సంవత్సరం రిజిస్టరు కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోందండి. అట్టకి ధర చీటీ కూడా ఉందండి!"

"చాయ్ చెప్పుండ్రి," అన్నాడు ఉమాకాంత్. "తాగనీకి గాదు."

ఇరానీ హోటల్ నుంచి కెటిల్ నిండా చాయ్ వచ్చింది. గుడ్డ ముంచి పేజీలకు అద్దారు. తొంభయ్యో సంవత్సరానికి చిక్కగా, తొంభైనాలుగుకు పలచగా. ఆరబెట్టడానికి ఫ్యాన్ల కింద పరిచారో లేదో, కరెంటు పోయింది.

"లైన్ మొత్తం పోయిందంట," బయటకు తొంగి చూసి చెప్పాడు మాసయ్య. "నారాయణగూడ, బర్కత్‌పురల పొద్దటి సందే లేదంట."

ఐదేళ్లనూ డాబామీదకు మోసి ఎండలో పరిచారు. చాయ్‌లో చక్కెర ఉందని మనుషులు మరిచిపోయినా చీమలు మరిచిపోలేదు. రెండింటికి మాసయ్య పైకి వెళ్లి ఒక్కొక్క పేజీ దులుపుతూ తెచ్చాడు. తెస్తూ చివరి వరుస చూశాడు. అతనికి చదవడం సరిగా రాదు. తన పేరు మాత్రం వచ్చు; దాని చోటున్న 'నగేష్'ను కూడబలుక్కుని చదివాడు.

మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడుకే ఏడుకొండలు లేచి నిలబడ్డాడు.

"సార్, నా పేరేది?"

"అదేరా, గడబిడల..." అన్నాడు ఉమాకాంత్.

"గడబిడల చీమలకు గూడ జాగ దొరికింది సార్! నాకు దొరకలేదా? ఈ నగేషెవడు? ఎన్నడన్న ఈ మెట్లెక్కిండా? ఈ ఆఫీసు చీపురు ఏ మూలకుంటదో ఎరుకేనా వానికి? నా బిడ్డకు జరమొచ్చిననాడు గూడ తాళం దీసిన. మీరంత ఇంట్ల పండిన బందునాడు గూడ నడుసుకుంట వచ్చిన. గా ఐదేండ్లు ఏడవోయినయ్ సార్? చాయ్‌ల గల్పి తాగిన్రా?"

'శ్రమను గౌరవించుము' పోస్టరు కింద నిలబడి ఉమాకాంత్ మెల్లగా అన్నాడు. "దొంగతనం కేసు నీమీద వడకుండ కాపాడిన. నోర్మూసుకొని బయట కూసో."

మాసయ్య కొబ్బరికాయ సంచి తీసుకొని బయటికి నడిచాడు. కానీ పోలేదు. మెట్లమీద అడ్డంగా కూర్చున్నాడు.

మూడింటికి బాలత్రిపురసుందరి అతన్ని దాటుకునే పైకి రావలసి వచ్చింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, కళ్లద్దాల పైనుంచి చూసే ఆమె కుర్చీ దులిపి కూర్చుని మొదటి రిజిస్టరు తెరిచింది. ఒక ఈగ వాలింది. తోలింది. నాలుగు వాలాయి.

"చాలా క్రమశిక్షణ గల ఆఫీసు," అంది. "ఐదేళ్లలో ఒక్కరూ ఒక్కరోజూ ఆలస్యం కాలేదు."

"అంత మన విలువలే మేడం," అన్నాడు ఉమాకాంత్.

"ఆదివారాలు కూడా వచ్చారు."

ఉమాకాంత్ నవ్వు సగంలో ఆగింది.

"డ్రైవర్ ఈదయ్య కుటుంబ పింఛను ఫైలు నా దగ్గరికే వచ్చింది. తొంభైఒకటిలో చనిపోయాడు. తొంభైమూడు డిసెంబరు దాకా వేళకు వచ్చి సంతకం పెట్టాడు. ఇలాంటి ఉద్యోగిని నేను చూడలేదు." ఇంకో పేజీ తిప్పింది. రెండు పేజీలు కలిసి వచ్చాయి. వేలు వాసన చూసుకుంది. "యాలకులు కూడా వేశారు. సరే, ఇవాళ్టి హాజరు. ఇక్కడ పదిన్నరకు సంతకం పెట్టిన కమల గారెవరు?"

"పని మీద బయటికి పంపిన మేడం," అన్నాడు ఉమాకాంత్.

"ఎవలు పంపిన్రు నన్ను?"

అందరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో కమల. జుట్టు రేగి ఉంది, చీర కుచ్చిళ్లకు దుమ్ము పట్టింది. రెండు చేతుల్లో రెండు కూరగాయల సంచులు. ఆమె వెనక మాసయ్య. కమల ఒక సంచిలోంచి ఎర్రగుడ్డ మూట తీసి బల్లమీద పెట్టింది. ఈగలన్నీ లేచి మళ్లీ కొత్త రిజిస్టర్ల మీదనే వాలాయి.

"దొంగను నేనే మేడం," అంది కమల. "పందొమ్మిదేండ్ల సర్వీసుల ఈ ఆఫీసు గుండుసూది గూడ ఇంటికి తీస్కపోలే. నిన్న సాయంత్రం మాత్రం మూటకు మూట తీస్కపోయిన. ఎందుకంటే, గొడుగు మర్సిపోయి వాపసొస్తే ఈ సార్ కొత్త బ్లేడు వట్టుకొని తొంభయ్యో సంవత్సరంల మాసయ్య పేరు గీకుతుండె. సూడుండ్రి, ముందటక్షరం పోయింది. సార్ మల్ల మూటగట్టి బీరువల వెట్టి బాత్రూముకు వోంగనే, మూట మాయం జేసి, తాళమేసి, ఇంటికి నడిసిన. ఆయన పొద్దటిదాక బీరువా తెరువలే."

బాలత్రిపురసుందరి పేజీ చూసింది. గీకిన చోట కాగితం పలచబడి అవతలి వెలుతురు కనిపిస్తోంది. ఆ వరుస చివర వంకర సంతకం మాత్రం అలాగే ఉంది. తర్వాతి నెల చూసింది, తర్వాతి ఏడాది చూసింది. మాసయ్య ఫైలు దగ్గరికి లాక్కుని సంతకం చేసింది. తర్వాత ఉమాకాంత్ వైపు చెయ్యి చాపింది. "మీ తాళంచెవి ఇవ్వండి. రేపటినుంచి మీకు దాంతో పని ఉండదు."

కమల రెండో సంచి కూడా బల్లమీద పెట్టింది. ఊపిరి ఇంకా అందడం లేదు.

"ఇవి జిరాక్సులు మేడం. తెల్లారంగ తీపిచ్చి, పదిన్నర కల్ల మూట బీరువల వెట్టాలనుకున్న. పదకొండుంబావు దాక ఈడ పురుగు గూడ ఉండదు, ఎవలకెరుకైతది? నారాయణగూడల సగం కాంగనే కరెంటు వోయింది. బర్కత్‌పుర పోయిన, లేదు. బాగ్ లింగంపల్లి పోయిన, అక్కడ రెండు దాటినంక వచ్చింది. సగం కాగితాలతోని వాపసొస్తే మిగిలిన సగం వీళ్లు గీకేటోళ్లు. సర్కారు రిజిస్టర్లు ఇంటికి తీస్కపోవుడు తప్పు, నాకెర్కనే. సస్పెండ్ జేస్తరా, చెయ్యుండ్రి. గని ముందుగాల ఆ పదిన్నర సంతకం కొట్టేయుండ్రి. అది నాది గాదు. నేనొచ్చింది మూడు నలభైకి. నాకు లేటు మార్కు వడాలె."