కేసు నంబరు లేని స్థలం

ఆదివారం టిఫిన్ వేళకల్లా బోర్డు పాతేసి ఇంటికి వచ్చేయాలన్నది దేవేందర్ ప్లాను. తార్నాకలో ఒక వెనక గల్లీలో అతనికి నూట యాభై గజాల ఖాళీ స్థలం ఉంది. యూనివర్సిటీ తోటల్లో ముప్పై ఏళ్లు మొక్కలకు నీళ్లు పోసిన తండ్రి భీమయ్య, ఆ గల్లీకి ఆటోలు రాని రోజుల్లో కొన్నది. కొడుకు మాత్రం అదే యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగా చేస్తూ, పద్దెనిమిదేళ్లుగా సీతాఫల్‌మండిలో అద్దెకుంటున్నాడు. ఓనరును అడక్కుండా గోడకు ఒక్క మేకు కొట్టుకోవాలన్నది అతని భార్య భాగ్య కోరిక. ఇంటి లోనుకు దరఖాస్తు పెట్టారు. బ్యాంకు మనిషి వచ్చి చూసేదాకా స్థలం ఎవరి కబ్జాలోకీ పోకుండా ఉండాలి.

"బోర్డు తర్వాత. ముందుగాల ఆ గుంత పూడ్పియ్యి. ఎవరన్న పడితే మన మీదికే వస్తది" అంది భాగ్య. ఎప్పుడో నీళ్ల సంపు కోసం తవ్వించి, సగంలో ఆపేసిన గుంత అది. ఇప్పుడు దాని నిండా గడ్డి. దేవేందర్ ఆ మాటను, ఆఫీసులో అన్ని మాటల్లాగే, పరిశీలనలో పెట్టాడు.

బోర్డు మీద ఏం రాయాలో మాత్రం ముందే తేలిపోయింది. పక్క సీటు రత్నకుమార్ క్యాంపస్ క్యాంటీన్‌లో టీ తాగుతూ తేల్చేశాడు. "పేరు రాస్తే ఎవడు భయపడతాడండీ? కోర్టు వివాదంలో ఉందని రాయించండి. మన సెక్షన్లో కేసు స్లిప్పు అంటించిన ఫైలును ఎవడైనా ముట్టుకుంటాడా?"

నిజమే. ఆ స్లిప్పు ఉన్న ఫైళ్ల మీద దుమ్ము దులపడానికి కూడా వాళ్ల సెక్షన్లో ఎవరూ సాహసించరు. స్థలం కూడా ఫైలు లాంటిదేనని దేవేందర్‌కు గట్టి నమ్మకం కుదిరింది. విద్యార్థి సంఘాల బ్యానర్లు రాసే పెయింటరు ఎర్రటి అక్షరాలతో రాసిచ్చాడు: 'ఈ స్థలం కోర్టు కేసులో ఉన్నది.'

గల్లీవాళ్లు ఆ బోర్డును తమకు అనువుగా చదువుకున్నారు. కేసు తేలేదాకా ఈ జాగ ఎవరిదీ కాదన్నమాట. రెండో రోజుకు ఎవరో పాత బాత్రూం పగలగొట్టిన ముక్కలు తెచ్చి పోశారు. మూడో రోజు ఎదురింటి కాశమ్మ మేకలను కట్టేసింది. అడిగితే, తీర్పు రాంగనే విప్పుతానని మర్యాదగానే మాటిచ్చింది.

నాలుగో రోజు రెండో బోర్డు వెలిసింది. 'ఈ కేసులో ఎదుటి పార్టీ కొండలరావు. స్థలం నాదే.' కింద ఫోన్ నంబరు కూడా ఉంది. దేవేందర్ ఆ నంబరుకు ఫోన్ చేసి, అసలు మీ కేసు నంబరెంత అని నిలదీశాడు.

"మీ బోర్డు ముందుగాల పెట్టిన్రు గదా. మీ నంబరు చెప్పుండ్రి, గదే నాది" అన్నాడు కొండలరావు. అతను ప్లాట్ల దళారీ. లేని కేసులో సగం వాటా అతనికి అలా దక్కింది. దేవేందర్ ఫోన్ పెట్టేశాడు.

అదే సాయంత్రం బ్యాంకు నుంచి వెంకటసుబ్బారావు గారు ఫోన్ చేసి, పొద్దున పదింటికి స్థలం చూడటానికి వస్తామన్నారు.

తెల్లారేసరికి దేవేందర్ తన బోర్డు పీకేశాడు. కొండలరావుది పీకితే నిజంగానే కేసవుతుందని భయపడి, దాని మీద విద్యార్థి సంఘం పాత బ్యానర్ కప్పాడు. దాని మీద 'పరీక్షలు వాయిదా వేయాలి' అని ఉంది. కాశమ్మ మేకలను విప్పుకుంది కానీ, తీర్పు ఎవరివైపు వచ్చిందో చెప్పేదాకా కదలనంది.

వెంకటసుబ్బారావు గారు నెమ్మదైన మనిషి. స్థలమంతా ఒకే ఫోటోలో రావాలని ఫోన్ పైకెత్తి, అడుగు తర్వాత అడుగు వెనక్కి వేశారు. దేవేందర్ "సార్, గుంత" అనేలోపే నడుం దాకా గడ్డిలో కూరుకుపోయారు. ఫోన్ మాత్రం ఎత్తిపట్టుకునే ఉన్నారు. పాపం, పడుతూ పట్టుకోబోయిన బ్యానర్ కూడా ఆయనతోపాటు కిందికి వచ్చింది. కొండలరావు బోర్డు బయటపడింది.

బ్యాంకు మనిషి వచ్చాడని తెలిసి కొండలరావూ అప్పుడే దిగాడు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. కానిస్టేబుల్ వచ్చి గుంతలోకి తొంగి చూశాడు.

"జాగ ఎవరిది? గుంతకు కంచె లేకుండ ఇడిచిపెట్టినోళ్ల మీద కేసు అయితది."

కొండలరావు తన బోర్డును తానే పీకి చంకలో పెట్టుకున్నాడు. "నాకేం సంబంధం లేదు సార్. ఇది దేవేందర్ సార్‌ది. గల్లీ మొత్తానికి ఎరుకే." అయితే అదే రాసివ్వమన్నాడు కానిస్టేబుల్. కొండలరావు నిలబడ్డ చోటే రాసి, సంతకం పెట్టి, తేదీ కూడా వేశాడు. సాక్షిగా కాశమ్మ వేలిముద్ర వేసింది.

నాది కాదు అన్న మాట ఒక్క క్షణం దేవేందర్ నాలుక మీదికి కూడా వచ్చింది. పెదవి విప్పేలోపే, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్న భాగ్య ముందుకు వచ్చింది.

"జాగ మాది. గుంత గూడ మాదే, తప్పు గూడ మాదే. ముందుగాల సారును పైకి తియ్యుండ్రి."

దేవేందర్ సిగ్గుతో తల వంచుకుని గుంతలోకి దిగాడు. ఆసుపత్రిలో వెంకటసుబ్బారావు గారి మడమకు కట్టు కడుతుంటే, బోర్డు కథంతా దాచకుండా చెప్పేశాడు. లోను పోయినట్టేనని, భాగ్య ముఖం ఎలా చూడాలో తెలియదని కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన కొండలరావు కాగితం నకలు ఒకటి ఇప్పించమన్నారు. "ఇరవై ఏళ్లుగా పత్రాలు చూస్తున్నానండీ. కబ్జాకు వచ్చినవాడే మీదని సంతకం పెట్టిన స్థలం ఇదొక్కటే. మీ ఆవిడ మాట కూడా నేను గుంతలోంచే విన్నాను. గుంత పూడ్చండి, రిపోర్టు రాసేస్తాను" అన్నారు. కేసు మాత్రం పెట్టలేదు.

మరుసటి ఏడాది గృహప్రవేశం నాడు, పాలు పొంగక ముందే, భాగ్య వంటింటి గోడకు మేకు కొట్టుకుంది. గుంత ఆ ప్రమాదం జరిగిన మరునాడే పూడ్చారు. 'ఇక్కడ గుంత ఉన్నది, పడితే బాధ్యత ఓనరుది' అని దేవేందర్ రాయించిన కొత్త బోర్డు మాత్రం గోడలు లేచేదాకా తీయలేదు.