పడకగదిలో ప్రాణాంతక మొక్క?

ఆ ఉదయం విజ్ఞానం పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగడం, పేపర్లో తను రాసింది ఇంటిల్లిపాదికీ పైకి చదివి వినిపించడం, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళడం, సంపాదకుడి గదిలోంచి కొత్త ఆరోగ్యం పేజీకి అధిపతిగా బయటికి రావడం. ఇందులో కాఫీ వరకు అనుకున్నట్టే జరిగింది.

విజ్ఞానం ఆయన అసలు పేరు కాదు. దినపత్రికలో ఆయన సబ్ ఎడిటర్. లోపలి పేజీలో ఒక మూల చిన్న గడిలో రోజూ ఆరోగ్యం గురించో ప్రకృతి గురించో ఒక సంగతి రాస్తాడు. ఆవలింత ఎందుకు వస్తుంది, చీమ ఎంత బరువు మోస్తుంది లాంటివి. ఆఫీసువాళ్ళు వెటకారానికి పెట్టిన పేరును ఆయన బిరుదుగా తీసుకున్నాడు. గర్వపడటానికి ఆయనకు కారణం లేకపోలేదు. రాజకీయాల వాళ్ళు తరచూ 'పొరపాటుకు చింతిస్తున్నాం' అని సవరణ వేసుకుంటారు. క్రీడల వాళ్ళు ఓడినవాణ్ణి గెలిపించి మరీ చింతిస్తారు. విజ్ఞానం మాత్రం ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్కసారీ చింతించలేదు. సంపాదకుడు కూడా కొత్త పేజీని సవరణ మచ్చ లేనివాడికే ఇస్తానన్నాడు. అలాంటివాడు ఆ ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు.

"పడకగదిలో ప్రాణాంతక మొక్క?" అని విజ్ఞానం గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆ శీర్షిక బావమరిది సలహా. అతను ఈ ఇంట్లోనే ఉంటూ అదే పత్రికలో విలేకరిగా పనిచేస్తున్నాడు. "చివర ప్రశ్నార్థకం పడేస్తే ఏదైనా రాయొచ్చు బావా. మనం చెప్పినట్టుండదు, అడిగినట్టుంటుంది" అన్నాడు నిన్న.

అమ్మ కళ్ళజోడు సర్దుకుంది. భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది. విజ్ఞానం గొంతు తగ్గించి, భయం పుట్టేలా చదివాడు. "పగలు మనకు ప్రాణవాయువు ఇచ్చే మొక్క, చీకటి పడగానే దాన్నే పీల్చుకోవడం మొదలుపెడుతుంది. మూసిన గది. మీ మంచం పక్కనే కుండీ. మీరు గాఢనిద్రలో ఉన్నారు. అప్పుడు ఏం జరుగుతుందో తెలుసా?"

ఏం జరుగుతుందో ఆయన చదవలేకపోయాడు. కింద చెప్పుల దుకాణం ప్రకటన ఉంది.

పేపరు తిరగేశాడు. వెనక పేజీలో కూడా లేదు. 'ఏమీ జరగదు, ఇది వట్టి అపోహ' అని మొదలయ్యే పేరా మొత్తం మాయమైంది. ఎలా పోయిందో ఆయనకు వెంటనే అర్థమైంది. పత్రికల్లో చోటు చాలకపోతే వార్తను తోకవైపు నుంచి కోస్తారు. అందుకే ముఖ్యమైన మాట మొదట్లోనే రాయాలి. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ పాఠం చెప్పేది విజ్ఞానమే. అయితే ఆయన దృష్టిలో తను రాసేది వార్త కాదు, రచన. రచనలో అసలు సంగతి చివరిదాకా దాచి ఉంచాలి. నిన్న సాయంత్రం ఆలస్యంగా ప్రకటన వచ్చింది. పేజీ పెట్టే అమ్మాయి ఆయన నేర్పినట్టే తోక కోసింది.

ఆయన తల ఎత్తేసరికి అమ్మ కుర్చీలో లేదు. పడకగదిలోంచి కుండీ ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

"అత్తయ్యా! నా మొక్కని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని భార్య పరుగెత్తింది. ఆ కుండీలో తీగ ఆమె పెళ్ళయిన కొత్తలో నాటింది. ఇప్పుడు కిటికీ చుట్టూ అల్లుకుని గోడ ఎక్కింది.

"బయటికి. నా కొడుకు ఊపిరి తాగుతోందిట ఇది."

"అమ్మా, అది అపోహే! చివరి ముక్క తెగిపోయింది" అన్నాడు విజ్ఞానం.

"అచ్చయింది నమ్మాలా, నువ్వు నోటితో అనేది నమ్మాలా?"

"అచ్చయింది కూడా నేనే రాశానమ్మా."

"అదే కదరా నేనూ అంటున్నది! నువ్వు రాసింది ఏనాడైనా తప్పయిందా?"

ఆ మాట వినడానికి ఆయనకు హాయిగానే ఉంది. భార్య మాత్రం ఆయన వైపు ఒక చూపు చూసి, మొక్కతోపాటు మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది.

అమ్మ ఒక్క ఇంటితో ఆగలేదు. పేపరు చంకలో పెట్టుకుని అంతస్తు అంతస్తుకూ తలుపు తట్టింది. "మావాడు రాశాడు, చదివారా?" అని అడగడం, చదవనివాళ్ళకు చదివి వినిపించడం, చెప్పుల ప్రకటన దాకా వచ్చి "ఇంతే, ఆ పైన రాయడానికి కూడా వాడికి మనసొప్పలేదు పాపం" అని నిట్టూర్చడం. విజ్ఞానం ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగేసరికి ప్రతి మెట్టు మీదా కుండీ ఉంది. పై అంతస్తు పెద్దాయన తనకంటే ఎత్తయిన మొక్కను కావలించుకుని దిగుతున్నాడు. గేటు బయట కాలిబాట నిండి, కుండీలు రోడ్డెక్కాయి. స్కూలు బస్సు ముందుకూ వెనక్కూ కదల్లేక హారన్ కొడుతోంది.

బావమరిది అప్పటికే ఫొటోలు తీసేసి ఫోనులో టైపు చేస్తున్నాడు. "వినిపిస్తా, విను బావా. 'మొక్కల భయంతో వణుకుతున్న వీధి.'"

"ఎవరూ వణకట్లేదురా. అందరూ కబుర్లు చెప్పుకుంటున్నారు."

"వార్తల్లో జనం వణుకుతారు బావా. మామూలుగా నిలబడితే అది వార్తెలా అవుతుంది? 'నిపుణుల హెచ్చరికతో కలకలం' అని కూడా పెట్టా."

"ఏ నిపుణులు?"

"నువ్వే. ఒక్కడివే కదా అని ఏకవచనం వేస్తే బాగోదు. అదీగాక, మర్యాద."

"తీసెయ్‌రా, నీకు దణ్ణం పెడతా."

"పంపించేశా బావా."

విజ్ఞానం ఆఫీసు చేరేలోగా ఆ వార్త పత్రిక వెబ్‌సైటులో పడింది. అక్కడి నుంచి టీవీవాళ్ళు ఎత్తుకున్నారు. టీవీలో చూసిన ఇంకో పత్రిక 'పలువురు అగ్రశ్రేణి నిపుణులు' అని రాసింది. మధ్యాహ్నానికి విజ్ఞానం ఒక్కడే ఒక మహాసభ అయిపోయాడు.

సంపాదకుడు ఆనందంతో చేతులు రుద్దుకుంటున్నాడు. "రావయ్యా విజ్ఞానం! మన వార్త అందరూ ఎత్తుకుపోతున్నారు. రేపు ఆ నిపుణుడి ఇంటర్వ్యూ మొదటి పేజీలో వేద్దాం. నువ్వే చెయ్యి. దాంతోపాటు ఆరోగ్యం పేజీ నీదే అని కూడా ప్రకటిద్దాం."

ఆ నిపుణుడు ఎవరో సంపాదకుడికి తెలియదని విజ్ఞానానికి అర్థమైంది. తనను తానే ఇంటర్వ్యూ చేసుకుంటే చాలు, పేజీ చేతికొస్తుంది. మచ్చ కూడా పడదు. ప్రశ్నలు సులువుగా ఇవ్వొచ్చని కూడా ఒక్క క్షణం అనిపించింది. అప్పుడే తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. చీరకు మట్టి, చేతిలో వేళ్ళతో సహా ఒక మొక్క.

"నేను నర్సరీ నడుపుతానండీ. పొద్దున్నుంచి కొన్న మొక్కలన్నీ జనం తెచ్చి నా గుమ్మంలో పారేస్తున్నారు. నీళ్ళు పోసే దిక్కు లేక వాడిపోతున్నాయి. ఆ నిపుణుడెవరో ఒక్కసారి చూపించండి."

విజ్ఞానం ఆ మొక్క వైపు చూశాడు. మెట్ల మీద కూర్చున్న భార్య గుర్తొచ్చింది. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"నేనేనమ్మా" అన్నాడు. "వార్త తప్పు. తప్పు నాది. సార్, సవరణ వెయ్యాలి."

"నీకు సవరణా? పేజీ పోతుందయ్యా!"

"పోనివ్వండి సార్. నా రాతలో తప్పుందని ఇంకెవరో కాదు, నేనే రాస్తాను."

రాశాడు. ఈసారి దాచుకోవడాలు లేవు. "పడకగదిలో మొక్కతో ఏ ప్రమాదమూ లేదు. రాత్రిపూట మొక్క పీల్చే ప్రాణవాయువు, అదే గదిలో పడుకున్న మనిషి పీల్చేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు. నిన్నటి పొరపాటు నాదే, చింతిస్తున్నాను." పేజీ పెట్టే అమ్మాయి పక్కనే నిలబడి చివరి అక్షరం దాకా చూసుకున్నాడు. మొదటి పేజీలో గడి కట్టి వేయించాడు. జీవితంలో మొదటిసారి చింతించిన మనిషి ఛాతీ అంత విరుచుకుని ఇంటికి వెళ్ళడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు.

మర్నాడు వీధంతా ఆ గడే చదివింది. అమ్మ మళ్ళీ అంతస్తు అంతస్తుకూ తిరిగి, "తప్పయినా సరే, మావాడిలా రాసినవాడున్నాడా?" అని అడిగింది. నర్సరీ ఆవిడ గుమ్మం ఖాళీ అయింది. సంపాదకుడు ఫోన్ చేసి, తప్పు ఒప్పుకున్నవాడి మాట జనం ఎక్కువ నమ్ముతున్నారని, పేజీ ఆయనకే ఇస్తున్నానని చెప్పాడు. విజ్ఞానం పొంగిపోతూ ఆ కబురు భార్యకు చెబుదామని సాయంత్రం పెందలాడే ఇల్లు చేరాడు.

కుండీలన్నీ తిరిగి ఎవరి పడకగదుల్లోకి వాళ్ళవి చేరాయి. మెట్ల మీద ఇప్పుడు కుండీల బదులు చుట్టిన పరుపులున్నాయి. పై అంతస్తు పెద్దాయన తన దిండును కావలించుకుని దిగుతున్నాడు.

విజ్ఞానం పరుపు హాల్లో టీవీ ముందు పరిచి ఉంది. పడకగదిలో భార్య తీగ ఆకులు తుడుస్తోంది.

"ఇదేమిటి?"

"మీరు రాసిందేనండీ" అంది ఆమె పేపరు చూపించి, మొహంలో గర్వం దాచుకోకుండా. "అసలు ప్రాణవాయువు పీల్చేదెవరో ఎంత బాగా రాశారో!"

దీనికి కూడా సవరణ వేద్దామని విజ్ఞానం రెండోసారి చదివి చూశాడు కానీ, అందులో తప్పేమీ లేదు.