కావలెను: సూది గుచ్చడానికి ఒక చెయ్యి

రోగులందరికీ తెలియజేయునది ఏమనగా, మా నర్సింగ్ కాలేజీలో సూది గుచ్చడం, సెలైన్ పెట్టడం వంటి పనులన్నీ ఇకపై ఆటల ద్వారానే నేర్పబడును. ఈ విప్లవాన్ని తెచ్చిన ఛైర్మన్ గారు ఇంతవరకు ఏ ఆటా ఆడి ఎరుగరు, ఏ సూదీ పట్టి ఎరుగరు. అందుచేత రెండింటి మీదా ఆయనకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ఆట బ్రహ్మాండంగా ఉంది. ఫోన్ తెర మీద ఒక రోగి నవ్వుతూ పడుకుని ఉంటాడు. చేతి మీద నరం నీలంగా, తోటకు నీళ్లు పట్టే గొట్టమంత లావుగా కనబడుతుంది. దాని మీద వేలు పెడితే గంట మోగి నక్షత్రాలు రాలతాయి. గురి తప్పినా కొంప మునిగేదేమీ లేదు. "పర్వాలేదు సిస్టర్, మళ్లీ ప్రయత్నించండి" అంటాడు రోగి, అదే నవ్వుతో. అంత మర్యాదస్తుడు ఇంతవరకు ఏ ఆస్పత్రిలోనూ చేరలేదు.

కాలేజీ మొత్తానికి మొదట నిలిచిన అమ్మాయికి సూదిరాణి అని పేరు పెట్టారు. బస్సులో ఆడింది, అన్నం తింటూ ఆడింది, పందెం కట్టి కళ్లు మూసుకుని కూడా ఆడి గెలిచింది. పతకం ఖాయమైంది. ఆదివారం బహుమతులు, మర్నాడు సోమవారం నుంచే వార్డులో డ్యూటీ అన్నారు. ఆమె చూడబోతే ప్రాణమున్న చేతికి సూది గుచ్చిన పాపాన ఒక్కనాడూ పోలేదు మరి!

సిగ్గు విడిచి ట్యూటర్ గారిని అడిగింది. "మేడమ్, ఒక్క నిజం చెయ్యి ఇప్పించండి. మీరు పక్కనుంటే నేర్చుకుంటాను."

"నిజం చేతులా? అవన్నీ పాత పద్ధతులమ్మా" అంటూ ట్యూటర్ తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ప్రిన్సిపాల్ గారు ఆమె ఉత్సాహాన్ని మెచ్చుకుని, తమ చెయ్యి కేవలం పరిపాలనకు కేటాయించబడినదని సెలవిచ్చారు. ఇంటికెళితే, కూతురి పతకం గురించి వీధంతా టముకు వేసొచ్చిన తండ్రి ఆ ఎండలో పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. "నా తల్లే! ప్రాణమడుగు, ఇచ్చేస్తా. చెయ్యి మాత్రం అడక్కమ్మా" అన్నాడు.

బహుమతుల రోజున ఛైర్మన్ గారు విజృంభించారు. "సూదంటే భయం పోవాలి! రోగీ నర్సూ కలిసి ఆడుకోవాలి!" అని గంటల తరబడి ఉపన్యసించి, కళ్లు తిరిగి వేదిక మీదే కూలబడ్డారు. సెలైన్ పెట్టాలన్నారు. "సూదిరాణి ఉందిగా!" అంది సభ ఏకకంఠంతో. ఆమె పక్కన కూర్చుని సూది బయటికి తీసింది. ఛైర్మన్ గారు ఒక కన్ను తెరిచారు. సూదిని చూశారు, ఆమె మెడలో పతకాన్ని చూశారు. చివాలున లేచి నిలబడి, "నాకు నయమైపోయింది!" అన్నారు. సూది తగలకుండానే రోగం కుదిర్చిన ఆట ఇదేనని సభ చప్పట్లతో దద్దరిల్లింది.

"సార్, నాకు నిజంగా రాదు. ఎవరైనా దగ్గరుండి నేర్పండి" అంది సూదిరాణి.

"పిచ్చిపిల్లా! నేర్చుకోవడానికేగా జనరల్ వార్డుంది? అక్కడ బోలెడన్ని చేతులు" అన్నారు ఛైర్మన్ గారు ఆప్యాయంగా, ఆమెకు అందనంత దూరం నుంచి.

సోమవారం పొద్దున్నకల్లా జనరల్ వార్డు గోడ మీద బోర్డు వెలిసింది: "గురి తప్పినప్పుడు రోగులు చిరునవ్వు నవ్వవలెను. 'పర్వాలేదు సిస్టర్, మళ్లీ ప్రయత్నించండి' అనవలెను."

సూదిరాణి ట్రే పట్టుకుని మొదటి మంచం దగ్గరికి వచ్చింది. "నొప్పెడితే తిట్టండి, ఏమీ అనుకోను" అంది నెమ్మదిగా.

ఆ మంచం మీద ఎవరున్నారంటారా? నిన్న సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిన మీరే. చొక్కా చెయ్యి పైకి మడవండి. ఏదీ, ఒక్కసారి నవ్వండి.