హానిమ్ గారు కడిగిన పళ్లెం

దేశంలో కుటుంబ విలువలు నానాటికీ దిగజారుతున్నాయనీ, వాటిని కాపాడడం బడులకూ పెద్దలకూ కన్నవాళ్లకూ చేతకావడం లేదనీ గమనించిన ఒక కైరో టీవీ చానెల్, ప్రతి గురువారం సాయంత్రం ఆ బరువును తన భుజాలకెత్తుకుంది. ప్రకటనలు వచ్చినప్పుడు మాత్రం కాసేపు కింద పెడుతుంది.

ఈ సేవ కోసం విదేశాల నుంచి ఒక కార్యక్రమాన్ని కొనితెచ్చారు. అక్కడ రెండిళ్ల భార్యలు వారంపాటు ఇళ్లు మార్చుకుంటారు. ఇది మన సంస్కృతికి పడదని చానెల్ వారి విలువల సంఘం ముక్తకంఠంతో తేల్చింది. పోనీ భర్తలను మారుద్దామంటే, సొంతింట్లో చేయని పనిని పరాయింట్లో ఎలా చేస్తామని వాళ్లు న్యాయంగానే అడిగారు. పిల్లలను మారుద్దామంటే, వారం తర్వాత మళ్లీ తీసుకుంటామని తల్లిదండ్రులెవరూ గట్టిగా హామీ ఇవ్వలేదు. చివరకు అత్తగార్లను మార్చాలని తీర్మానించారు. దేశం మొత్తం మీద ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. వారం మరీ తక్కువ, నెల చేయండంటూ కోడళ్ల నుంచి విన్నపాలు మాత్రం వెల్లువెత్తాయి. కార్యక్రమానికి ‘మా అత్త మీ ఇంటికి’ అని పేరు పెట్టారు.

కైరోలోని ఇరుకు పేట షుబ్రాలో ఫ్రిజ్‌లు బాగుచేసే రగబ్ ఇల్లు ఎంపికయింది. అతని తల్లి హగ్గా తఫీదాను ఊరవతల ప్రహరీగోడల మధ్య ఉన్న ఒక విల్లాకు తరలించారు. ఆ విల్లా అత్తగారు నెవీన్ హానిమ్, అంటే నెవీన్ దొరసాని, తన దిండునూ, తన నీళ్ల సీసాలనూ వెంటబెట్టుకుని షుబ్రా మేడ మెట్లెక్కింది. తలుపు తీసిన రగబ్ భార్య ఇన్షిరాహ్‌కు ఆమెను చూడగానే జాలేసింది. పాపం, ఈ వయసులో మెట్లు కొత్త అనుకుని, గబగబా కుర్చీ వేసింది.

దర్శకుడు ఉస్తాద్ వాయిల్‌కు కావలసింది జాలి కాదు, జగడం. పేదిల్లు, గొప్పింటి అత్త, ఇరుకు వంటగది. నిప్పూ పెట్రోలూ పక్కపక్కన పెట్టానని అతను మురిసిపోయాడు. కానీ ఇంటికొచ్చిన మనిషితో షుబ్రాలో ఎవరు పోట్లాడతారు? ఇన్షిరాహ్ తన మంచం ఆమెకిచ్చి తాను సోఫా మీద పడుకుంది. పక్కవాటా వాళ్లు అన్నం కూరిన కూరగాయల మహ్షీ గిన్నె పంపారు, పైవాటా వాళ్లు బాతును వేయించి పంపారు. హానిమ్ గారు ములూఖియా ఆకుకూర పులుసు మూడోసారి వడ్డించుకుని, రెసిపీ అడిగారు. కెమెరాలు ఆవులించాయి.

విల్లా నుంచి వచ్చే వార్తలూ అంత ఆశాజనకంగా లేవు. హగ్గా తఫీదా వెళ్లిన రోజే ఇంటర్నెట్ తీగ పీకేసి, ఎవరి గదిలో వాళ్లు తినే ఆ కుటుంబాన్ని ఒక్క బల్ల ముందు కూర్చోబెట్టింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్న ఆ ఇంటివాళ్లు మొదట కంగారుపడ్డారు, తర్వాత పరిచయాలు చేసుకున్నారు. దీన్ని సంఘర్షణ కింద చూపడం కష్టమని వాయిల్ వాపోయాడు.

అప్పుడతనికి కార్యక్రమ దాతలు గుర్తొచ్చారు. వాళ్లు గిన్నెలు తోమే సబ్బు అమ్ముతారు. భోజనాలయ్యాక వాయిల్ హానిమ్ గారి చెవిలో ఊదాడు.

“హానిమ్, లేచి ఒక్క పళ్లెం కడగండి. కాంట్రాక్టులో ఉంది.”

నెవీన్ హానిమ్ జీవితంలో పళ్లెం కడిగి ఎరగదు. అందుకే ఆమెకు సరదా పుట్టింది. చేతుల ఉంగరాలు తీసి బల్ల మీద పెట్టి సింకు వైపు నడిచింది. అది చూసి రగబ్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. అతిథి చేత, అందులోనూ పెద్దామె చేత, దేశమంతా చూస్తుండగా ఎంగిలి పళ్లెం కడిగించిన ఇల్లు అన్న పేరు అతను భరించలేడు.

“నా మీద తలాక్! హానిమ్ గారి చెయ్యి ఆ పళ్లెం మీద పడిందో!”

ఈ మాటలో షుబ్రా వాళ్లకు వింతేమీ లేదు. నువ్వీ టీ తాగకపోతే నా మీద తలాక్, ఈ చేప ఇవాళ్టిదైతే నా మీద తలాక్ అంటూ మగవాళ్లు పొద్దస్తమానం ప్రమాణాలు చేస్తూనే ఉంటారు. ఎదుటివాడు లొంగకపోతే తన పెళ్లాంతో తనకు తెగిపోతుందని దాని అర్థం. ఎదుటివాడు ఎప్పుడూ లొంగుతాడు. ఒక కాపురం కూలడం ఇష్టంలేక టీ తాగేస్తాడు.

హానిమ్ గారికీ ఆ సంగతి తెలుసు. కానీ కెమెరా వెనక నుంచి వాయిల్ రెండు చేతులతో ‘కడుగు, కడుగు’ అని సైగ చేస్తున్నాడు. ఆమె కాస్త తటపటాయించి, పళ్లెం తీసి కుళాయి కింద పెట్టింది. నురగ తెర నిండా వచ్చింది.

ఇన్షిరాహ్ ఆ సమయానికి పొయ్యి దగ్గర మర్నాటికి వంకాయ ముక్కలు వేయిస్తోంది. ముక్కలు మాడుతున్నాయని తిరగేసింది. తిరగేశాక, తనకు విడాకులైపోయి ఉండవచ్చని తట్టింది.

మేడలోని జనమంతా మెట్ల మీద సభ తీర్చారు. కడగడమంటే తుడిచి ఆరబెట్టడం దాకా రావాలి, ఈమె మధ్యలో ఆపింది కాబట్టి కాపురానికి ఢోకా లేదని ఒకరు. చెయ్యి పడితే చాలు, అతనన్నది అదేగా అని మరొకరు. మతపెద్ద షేక్ గారు తేల్చేదాకా రగబ్ ఇంట్లో ఉండకూడదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. రగబ్ దుప్పటి చంకన పెట్టుకుని తన దుకాణంలో పాడైన ఫ్రిజ్‌ల మధ్యకు చేరాడు. ఉస్తాద్ వాయిల్ ఆనందం పట్టలేక ఏడ్చాడు.

మర్నాడు కెమెరాలు దుకాణం చుట్టూ మూగడంతో ఇంట్లో ఆడవాళ్లిద్దరే మిగిలారు.

“రోజూ అంటాడా ఆ మాట?” అని నెవీన్ హానిమ్ టీ తాగుతూ అడిగింది.

ఇన్షిరాహ్ నవ్వింది. “రోజూ ఏంటి హానిమ్, పూటపూటకీ. కూరలవాడితో అంటాడు, మైక్రోబస్సు కండక్టరుతో అంటాడు. మొన్న టీవీలో ఫుట్‌బాల్ రిఫరీతో కూడా అన్నాడు. వాడికేమైనా వినిపిస్తుందా?” అని, నవ్వు మధ్యలో ఆపేసింది. “ఒక్కసారైనా ఆ దుకాణం పోవాలి అనడు చూడండి. ఆ మీసం తీసేస్తా అనడు. పందెం కాసేది ఎప్పుడూ నన్నే.”

“మా ఇంట్లో ఎవరూ ఒట్లు పెట్టరమ్మా. మా ఆయన పల్లెత్తు మాట అనకుండానే నన్నొదిలి వెళ్లిపోయాడు.”

ఇన్షిరాహ్ హానిమ్ గారి కప్పులో ఇంకో చెంచా చక్కెర వేసింది. ఇన్నేళ్లలో రాని కోపం తనకు అప్పుడు వచ్చింది. రగబ్ చెడ్డవాడు కాడు, తనంటే ప్రాణమే. ప్రాణాన్ని పట్టుకెళ్లి చేపల బుట్టలో పెట్టే మనిషి మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది?

గురువారం దేశం పనులు మానుకుని టీవీల ముందు కూర్చుంది. స్టూడియోలో ఒక పక్క రగబ్, ఒక పక్క ఇన్షిరాహ్, మధ్యలో సబ్బు సీసా. దాతల ప్రతినిధి లేచి, మచ్చల్లేని పళ్లెం మచ్చల్లేని కుటుంబానికి పునాది అని గద్గద స్వరంతో ప్రసంగించాడు. హగ్గా తఫీదాకు మైకిచ్చారు.

“నా కొడుకుది నోరే చెడ్డది నాయనా, మనసు వెన్న. వాళ్ల నాన్నా ఇంతే. రోజుకోసారి నాకు తలాక్ ఇచ్చేవాడు. చచ్చేదాకా నన్నొదల్లేదు!”

చప్పట్లు మోగాయి. షేక్ గారు పెద్దాయన, ఇలాంటి కేసులు విని విని అలసిపోయిన మనిషి. రగబ్ వైపు తిరిగారు.

“అబ్బాయ్, ఆ మాట అన్నప్పుడు నీ ఉద్దేశమేంటి? భార్యను విడిచిపెట్టడమా, ఊరికే గట్టిగా చెప్పడమా?”

“గట్టిగా చెప్పడమే మౌలానా! ఇన్షిరాహ్ నా రెండు కళ్లు!”

“అయితే కాపురం నిలిచినట్టే. ప్రాయశ్చిత్తంగా పదిమంది పేదలకు అన్నం పెట్టు. ఇకమీదట ఆ మాట నోట రానీకు.”

“నా మీద తలాక్ మౌలానా, మళ్లీ ఆ మాట అంటేనా!”

షేక్ గారు కళ్లు మూసుకుని, కాసేపు తెరవలేదు. అన్నం పెట్టే ఖర్చు తమదేనని సబ్బు కంపెనీ ప్రకటించింది. కెమెరాకు నప్పే పేదల ఎంపిక పోటీ వచ్చేవారం నుంచి మొదలవుతుందని యాంకరు చెప్పింది. ప్రకటనలకు అర నిమిషం మిగిలిందని గమనించి, మైకును ఇన్షిరాహ్ వైపు తోసింది.

“అక్కా, సంతోషంగా రెండు ముక్కలు చెప్పండి.”

“షేక్ గారు మా ఆయన ఉద్దేశం అడిగారు” అంది ఇన్షిరాహ్. “నా ఉద్దేశం ఎవరూ అడగలేదు. నేను కొన్నాళ్లు ఆలోచించుకోవాలి. అప్పటిదాకా ఆయన దుకాణంలోనే ఉంటే మంచిది.”

ఆ తర్వాత దేశం భగ్గుమంది. కుటుంబ విలువలు కూలుతున్న చప్పుడు ఇన్నాళ్లకు అందరికీ వినిపించింది. మానసిక నిపుణులు ఆమె బాల్యాన్ని తవ్వారు. కాఫీ దుకాణాల్లో మగవాళ్లు, ఆడదానికి ఇంత పట్టుదల పనికిరాదంటే నమ్మవా, నా మీద తలాక్ అని ఒకరికొకరు నొక్కి చెప్పుకున్నారు. రగబ్ ఇన్నేళ్లుగా అన్నవన్నీ ఉత్త నోటిమాటలేనని పండితులూ పామరులూ ఏకగ్రీవంగా క్షమించారు. ఇన్షిరాహ్ ఒక్కసారి అన్నది మాత్రం నోటిమాట కాదనీ, ఆలోచించి మరీ అన్నదనీ, అందుకే క్షమించరానిదనీ తేల్చారు. కోడళ్లకు మైకు ఇవ్వరాదని విలువల సంఘం నిబంధన చేర్చింది.

ఇప్పుడు రగబ్ రోజూ సాయంత్రం మెట్లెక్కి వచ్చి, తలుపు బయట నిలబడి, “నా మీద...” అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని దిగిపోతున్నాడు. లోపల ఇన్షిరాహ్ టీ కాచుకుంటూ ఆలోచిస్తోంది. పాఠకులు అడగబోయే ప్రశ్న మాకు తెలుసు: ఇంతకీ ఆమె సర్దుకుపోయిందా, లేదా? షుబ్రాలో కూడా అందరూ అదే అడుగుతున్నారు. ఇంతకీ అతను మానేశాడా అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.