క్లచ్ లేని కారు

మా ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా కారు నడిపే హక్కు నా ఒక్కడిదే. ఆ హక్కుని కాపాడుతూ వచ్చింది క్లచ్చే. మా ఆవిడ వసుమతి ఎప్పుడు "నాకూ నేర్పండి" అన్నా నేను నిట్టూర్చి, "క్లచ్ అంటే మాటలా వసూ! కాలికి జ్ఞానం ఉండాలి" అనేవాణ్ణి. పాపం, నమ్మి ఎడమవైపు సీట్లో కూర్చునేది. నమ్మిందనే అనుకున్నాను లెండి.

మొన్నామధ్య మా పాత పెట్రోలు కారు అమీర్‌పేటలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో దగ్గడం మొదలుపెట్టింది. ఆ ఉదయమే వసుమతి నా ముందు కాఫీ పెట్టి, "ఈసారి కరెంటు కారు కొందామండీ" అంది.

"ఇప్పుడదెందుకు?"

"దానికి క్లచ్ ఉండదట. నేనూ నడపొచ్చు."

కాఫీ పక్కకి నెట్టేశాను. ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, నా సింహాసనం కిందే వైరు లాగాడు.

మా ఆఫీసులో ఫణీంద్ర అని ఒకాయన ఉన్నాడు. కార్ల గురించి ఆయనకి తెలియనిది లేదు. వెళ్ళి అడిగాను. పెట్రోలు రోజులు అయిపోయాయన్నాడు. డీజిలు రోజులు అంతకంటే ముందే అయిపోయాయన్నాడు. గ్యాసైతే డిక్కీలో సామాను పట్టదన్నాడు. హైబ్రిడ్‌లో మళ్ళీ గట్టిదీ, మెత్తదీ అని రెండు రకాలన్నాడు. కరెంటు కారు భేషుగ్గా ఉంటుందట గానీ, రెండేళ్ళు ఆగితే ఇంకా మంచి బ్యాటరీలొస్తాయట. ఆయన ఏడేళ్ళుగా అలాగే ఆగి, రోజూ మెట్రోలో ఆఫీసుకొస్తున్నాడు. నేను ఒక్క ప్రశ్నతో వెళ్ళి తొమ్మిది ప్రశ్నలతో తిరిగొచ్చాను.

ఆ గందరగోళంలో నాకొక్కటే అర్థమైంది. చార్జింగ్ అయిపోతే ఈ కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. టెస్ట్ డ్రైవ్‌లోనే ఒకసారి ఆపి చూపించానంటే, వసుమతి మళ్ళీ ఆ మాటెత్తదు. నా సీటు నాకు దక్కుతుంది.

శనివారం సోమాజిగూడ షోరూంకి వెళ్ళాం. జమీల్ అనే అతను తాళం తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. వసుమతి హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. చార్జింగ్ ఎనభై రెండు శాతం అని తెర మీద కనబడుతోంది.

నేను ఏసీ పూర్తిగా పెంచాను. పాటలు పెట్టాను. పట్టపగలు లైట్లు వేశాను. వైపర్లు కూడా ఆడించాను.

"సార్, వాన లేదు కద?" అన్నాడు జమీల్.

"వస్తే ఎలా ఉంటుందో చూడొద్దూ?"

పంజాగుట్టలో ట్రాఫిక్ ఇరుక్కుంది. లోలోపల పండగ చేసుకున్నాను. మా పాత కారైతే ఈపాటికి సగం ట్యాంకు తాగేసేది. ఇరవై నిమిషాలయ్యాక తెర చూస్తే ఎనభై ఒకటి! ఫ్లైఓవర్ దిగాక మళ్ళీ చూస్తే ఎనభై రెండు!

"ఇదేంటయ్యా, వెనక్కి నడుస్తోంది?"

"దిగేటప్పుడు బ్యాటరీల కొంచెం కరెంటు మల్ల నిండుతది సార్. మస్తు టెక్నాలజీ!"

నడుస్తుంటే నిండే ట్యాంకుని నేనెక్కడా చూడలేదు. బుర్ర తిరిగింది. అలా తిరుగుతున్న బుర్రతోనే మైత్రీవనం సిగ్నల్ దగ్గరికి చేరాను. ఎర్ర లైటు పడింది. బండి ఆగింది. ఇంజను చప్పుడు లేదు.

"ఆగిపోయింది!" అని కేక పెట్టి స్టార్ట్ బటన్ నొక్కాను.

"సార్, అది ఆన్‌లనే ఉండె. మీరిప్పుడు ఆఫ్ జేసిండ్రు."

మళ్ళీ నొక్కాను. ఆన్ అయిందట. చప్పుడేదీ? నమ్మకం కుదరక ఇంకోసారి నొక్కాను. ఆఫ్ అయిందట. ఈలోగా పచ్చలైటు పడింది. వెనక ఆటో అతను తల బయటపెట్టి, "అన్నా, బండి సచ్చిందా ఏంది?" అన్నాడు.

కోచింగ్ వదిలినట్టున్నారు, బ్యాగులు వేసుకున్న కుర్రాళ్ళు చుట్టూ చేరారు. "అంకుల్, రీస్టార్ట్ చేయండి" అన్నాడొకడు. "అప్‌డేట్ పెండింగ్ ఉందేమో" అంది ఒకమ్మాయి. ఇంకొకడు కారుకి పాస్‌వర్డ్ ఏమిటని అడిగాడు. పాంప్లెట్లు పంచే అతను ఇదే సందని అద్దం మీద పాంప్లెట్లు పెట్టాడు.

చివరికి జమీల్ తనే చెయ్యి చాపి బండి ఆన్ చేశాడు. వైపర్లు మళ్ళీ లేచి ఆ పాంప్లెట్లని జనానికి పంచిపెట్టడం మొదలెట్టాయి. "ఇగ పోనియ్యండి సార్, ఫికర్ లేదు."

నేను కుడి కాలితో యాక్సిలరేటర్ తొక్కాను. బండి కదిలింది. కదలగానే, ఇరవై రెండేళ్ళ జ్ఞానం ఉన్న నా ఎడమ కాలు గేరు మార్చడానికి క్లచ్‌ని వెతుక్కుంటూ వెళ్ళి, దొరికినదాన్ని నేలకంటా తొక్కింది. దొరికింది బ్రేకు. జమీల్ ముక్కు డాష్‌బోర్డు దాకా వెళ్ళొచ్చింది. మళ్ళీ కదిలాం, మళ్ళీ తొక్కాను. ఇలా నాలుగుసార్లు.

"సార్, ఎడమ కాలు జర పక్కకు వెట్టుండ్రి, మీ దండం వెడ్త!"

నేను మాత్రం గెలిచినట్టే వెనక్కి తిరిగాను. "చూశావా వసూ? ఎలా ఆగిపోతోందో!"

"కారు ఆగట్లేదండీ. మీరు ఆపుతున్నారు. దిగండి."

"దిగి?"

"నేను నడుపుతా."

"లైసెన్సు?"

హ్యాండ్‌బ్యాగు తెరిచి కార్డు నా చేతిలో పెట్టింది. ఫొటో ఆవిడదే. తీసుకుని ఎనిమిది నెలలైంది. కార్డు తిప్పి వెనక కూడా చూశాను.

"యూసుఫ్‌గూడలో అన్వరీ గారు ఆడవాళ్ళకి నేర్పుతారు. పొద్దున్నే నడకకని వెళ్ళేదాన్నిగా, అక్కడికే. క్లచ్ కారు మీదే నేర్చుకున్నాను. అదేం బ్రహ్మవిద్య కాదండీ."

"మరి నాతో చెప్పలేదేం?"

"మన కారు తాళం మీరు దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. చెప్పి ఏం లాభం?"

నేను దిగి వెనక సీట్లో కూర్చున్నాను. ఆవిడ ముందుకొచ్చింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. బండి ఒక్క కుదుపు లేకుండా పంజాగుట్ట దాటి షోరూం ముందు ఆగింది. వసుమతి అక్కడే బుక్ చేసేసింది. జమీల్ ముక్కు పట్టుకునే కాగితాలు నింపాడు.

కారు వచ్చి నెలైంది. ఎడమవైపు సీటు నాదే. ఒక చేతిలో ఆవిడ హ్యాండ్‌బ్యాగు, రెండో చేతిలో కూరల సంచి. ఇన్నేళ్ళు ఆవిడని ఉత్తినే ఇక్కడ కూర్చోబెట్టానని తల్చుకుంటే సిగ్గేసింది. మీ దగ్గర దాపరికమెందుకు, కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

నిన్న మెల్లగా అడిగాను. "వసూ, ఒక్కసారి నేను నడపనా?"

"నడపండి. కానీ ముందు నేర్చుకోండి. అన్వరీ గారితో మాట్లాడాను. ఆడవాళ్ళ బ్యాచే, కానీ మీ సంగతి విని జాలిపడి ఒప్పుకున్నారు."

ఈ ఉదయం మొదటి క్లాసు. పదకొండు మంది ఆడవాళ్ళూ, నేనూ. అన్వరీ గారు నన్ను మా కొత్త కారు డ్రైవరు సీట్లోనే కూర్చోబెట్టి, నా ఎడమ కాలిని సీటుకి చున్నీతో కట్టేశారు.