గర్భిణి రక్తంలో సైనికుల గైర్హాజరు

మనిషి స్థాపించుకున్న న్యాయస్థానాలన్నింటిలోకీ అత్యున్నతమైనది ఆసుపత్రి కంప్యూటరు. దాని తీర్పుపై అప్పీలు లేదు (ప్రింటరు మొరాయించిన రోజున తీర్పు కూడా లేదు).

ఆ ఉదయం దాని ముందు నిలబడ్డ ముద్దాయి బట్టలు కుట్టుకుని బతికే ఒక నిండు గర్భిణి. హెచ్‌ఐవీ ఉందని తెలిసిన నాటి నుంచి ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. తోడొచ్చిన అత్తగారే అందుకు సాక్షి. కోడలు మింగేదాకా ఎదుట నుంచి కదలని సాక్షి. వాళ్ల నెత్తిమీద 'రహస్య కౌంటర్' అనే బోర్డు వేలాడుతోంది. దాన్ని వీధి చివరి నుంచి కూడా హాయిగా చదువుకోవచ్చు.

"మీ రక్తంలో రోగంతో పోరాడే సైనికులు, అదే రక్షణ కణాలు, పడిపోయాయి. మందులు మానేశారని కంప్యూటరులో వచ్చింది," అన్నాడు కౌంటర్ అధికారి.

"అయ్యో, మానలేదండీ! కడుపుతో ఉంటే ఒంట్లో నీరు పెరిగి రక్తం పలచబడుతుందట. అందుకే కణాలు లెక్కకి తక్కువ కనబడతాయని కింద కాన్పుల డాక్టరమ్మ చెప్పారు. పరీక్షలో వైరస్ కూడా అదుపులోనే ఉందని వచ్చింది."

"ఆవిడ చెప్పింది కింది అంతస్తులో నిజమేనమ్మా. ఇది పై అంతస్తు."

కింది అంతస్తు కంప్యూటరులో వైరస్‌కు గడి లేదు. పై అంతస్తు కంప్యూటరులో కడుపుకు గడి లేదు. రెండింటినీ కలిపేవి మెట్లు మాత్రమే. వాటిని ఆమె పొద్దుటి నుంచీ ఎక్కి దిగుతూనే ఉంది.

నియమావళి ప్రకారం మాత్రలు మానేసినవారికి శిక్ష, మాత్రలు ఆపేయడం (వాటి విలువ తెలిసిరావాలన్నది పెద్దల సదుద్దేశం). క్రమశిక్షణ తరగతికి హాజరైతే మళ్లీ ఇస్తారు.

"ఆ తరగతేదో ఇప్పుడే చెప్పించండి బాబూ," అంది అత్తగారు.

"చెప్పే మేడం ప్రసూతి సెలవులో ఉన్నారు పెద్దమ్మా."

"ఆవిడ కడుపుకి మాత్రం కంప్యూటరులో గడి ఉందేం?"

"అది సిబ్బంది కంప్యూటరు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మనిషితో వాదించి గెలిచినవారు లేరు. కోడలికి భయం వేసింది. ఇంట్లో సీసా అడుగంటింది. ఆ మాత్రలే లోపలి బిడ్డకు కాపలా.

"మరి నా కడుపు సంగతి మీ కంప్యూటరుకి ఎప్పుడు తెలుస్తుందండీ?"

"కాన్పయ్యాక బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ తెచ్చి చూపించండి. గర్భవతి అని ప్రత్యేకంగా నమోదు చేయిస్తాం."

అత్తగారికి ఒళ్లు మండింది. "ఈలోగా ఆ పసిగుడ్డుకి అంటుకుంటే ఎవరయ్యా దిక్కు?"

అధికారి ముఖంలో మొదటిసారి జాలి కనిపించింది. కుర్చీలోంచి లేచి, వరండా చివర రంగులు వేసిన ఖాళీ కిటికీ వైపు చూపించాడు.

"దిగులు పడకండి పెద్దమ్మా. సోకిన పిల్లలకి కొత్త కౌంటర్ తెరిచాం. పిల్లలే రావడం లేదని పైవాళ్లు మమ్మల్ని ఒకటే తిడుతున్నారు."